హద్దుల నోడల్ అధికారి

పౌర ధ్రువపత్రాల శాఖ ముఖ్య కార్యదర్శి జూన్ నెలలో మూడు రోజుల శిక్షణకు వెళ్లారు. శిక్షణ ఒక కొండ మీది హోటల్లో జరిగింది. రెండో రోజు మధ్యాహ్నం శిక్షకుడు ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు: "ఎవరూ చెప్పకుండా, మీ అంతట మీరు చివరిసారి చేసిన పని ఏమిటి?" ఆయన టీ విరామం వరకు ఆలోచించారు. జవాబు దొరకలేదు. తిరిగి వచ్చిన నాలుగో రోజున, శాఖలోని పద్దెనిమిది వేల నాలుగు వందల మంది ఆ జవాబు వెతుక్కోవాలని ఉత్తర్వు ఇచ్చారు.

ఉత్తర్వు పేరు "స్వీయ హద్దుల నిర్ధారణ, చొరవ ప్రదర్శన, తద్వారా పరిపూర్ణ జీవన రూపకల్పన పథకం." అందులో ముఖ్యమైన వాక్యం ఇది: "ప్రతి ఉద్యోగి తన జీవితమును తానే రూపకల్పన చేసుకొనవలెను. ఇందుకు గడువు జులై 31." గడువు పొడిగింపు ఉండదని కింద ఇంకో వాక్యం ఉంది.

ఉత్తర్వుకు రెండు ఫారాలు జత చేశారు. మొదటిది హద్దుల ఫారం. ఉద్యోగి తాను ఏ పని చేయడో, ఏ వేళలో చేయడో అందులో రాయాలి. మూడు ప్రతులు ఉండాలి. సూపరింటెండెంట్ సిఫారసు చేస్తే ప్రాంతీయ సంచాలకులు ఆమోదిస్తారు. ఆమోదం పొందిన హద్దును ఉద్యోగి గానీ, పై అధికారి గానీ ఎట్టి పరిస్థితిలోనూ దాటరాదు. రెండోది చొరవ ఫారం. ఉద్యోగి తన అంతట తాను చేయదలచిన పనిని అందులో రాయాలి. ఎవరూ చెప్పకుండా చేసే ఆ పనికి పదిహేను పని దినాల ముందు అనుమతి తీసుకోవాలి.

గోదావరి పక్కన ఒక ఊళ్లో ఈ శాఖకు ప్రాంతీయ కార్యాలయం ఉంది. నలభై ఇద్దరు ఉద్యోగులు. జులై 2న ప్రాంతీయ సంచాలకులు సుదర్శనరావు సమావేశం పెట్టారు.

"ఈ మహత్తర కార్యక్రమంలో మన కార్యాలయం రాష్ట్రంలోనే అగ్రభాగాన నిలవవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది," అన్నారాయన. "ఇందుకు ఒక నోడల్ అధికారి కావాలి. నేను ఎవరినీ నియమించను. చొరవ పథకం కనుక స్వచ్ఛందంగా ముందుకు రావాలి."

ఎవరూ ముందుకు రాలేదు. కొంతసేపటికి అందరూ సీనియర్ అసిస్టెంట్ వకుళ వైపు చూశారు.

"వకుళగారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినట్టు మినిట్స్‌లో రాయండి," అన్నారు సుదర్శనరావు.

మినిట్స్ రాస్తున్నది వకుళే. రాసుకుంది.

వకుళకు యాభై ఒక్క ఏళ్లు. ఆ కార్యాలయంలో ఎవరైనా బదిలీ అయితే, రిటైరైతే, దీర్ఘకాలిక సెలవు పెడితే వారి సీటు ఆమెకు అదనపు బాధ్యతగా వచ్చేది. అలా వచ్చినవి నాలుగు. వెనక్కి వెళ్లింది ఒక్కటీ లేదు. ఆఫీసు అయిదున్నరకు మూస్తారు. ఆమె ఎనిమిదికి బయలుదేరేది. ఇంట్లో భర్త, ఇంటర్ చదివే కూతురు ఇద్దరూ వంట నేర్చుకున్నారు.

డిగ్రీ చదివే రోజుల్లో వకుళ విశ్వవిద్యాలయం తరఫున బాల్ బ్యాడ్మింటన్ ఆడింది. మొన్న ఏప్రిల్‌లో మిషన్ స్కూలు వ్యాయామ ఉపాధ్యాయురాలు ఎస్తేరు రాణి ఊళ్లో ఆడగలిగిన ఆడవాళ్లను పోగేసి, స్కూలు మైదానంలో ఆట మొదలుపెట్టింది. అయిదూ ముప్పావు నుంచి వెలుతురు ఉన్నంతసేపు. ఆటకు ఒక్కో వైపు అయిదుగురు ఉండాలి. పదో మనిషి వకుళ. మూడు నెలల్లో ఆమె మూడుసార్లు వెళ్లింది. అందులో రెండు ప్రభుత్వ సెలవులు.

నోడల్ అధికారి అయిన రోజు సాయంత్రం ఆరింటికి ఎస్తేరు ఫోన్ చేసింది.

"ఏమ్మా వకుళా, ఇవాళా రావా?"

"వద్దామనే అనుకున్నానక్కా. సార్ పిలిచారు."

"ఏప్రిల్ నుంచీ పిలుస్తూనే ఉన్నాడు. ఆయనకి ఇల్లూ వాకిలీ లేవా?"

వకుళ మినిట్స్ కాగితాలు సర్దుకుంది.

"చూడు, ఓ పక్క నలుగురం పరిగెత్తలేక చస్తున్నాం. బ్యాంకు మేనేజరు గారి భార్య వస్తానంటోంది. ఈ నెల ముప్పయ్యొకటి దాకా నీ చోటు ఉంచుతాను. ఆ రోజు కూడా రాలేదంటే ఆవిడకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు."

"ఆవిడ ఆడుతుందా అక్కా?"

"ఆడదు. వస్తుంది."

మొదటి వారం ఒక్క ఫారమూ రాలేదు. చేయను అని కాగితం మీద రాస్తే అది సర్వీసు రిజిస్టర్‌లోకి ఎక్కుతుందని ఉద్యోగులు భయపడ్డారు. జులై 9న సుదర్శనరావు తన ఫారం తానే ఆమోదించుకున్నారు. ఉదయం పదకొండు లోపు ఎవరూ ఆయన దృష్టికి సమస్య తీసుకురాకూడదు. మధ్యాహ్నం మూడు దాటాక ఆయన నిర్ణయం తీసుకోరు. నడుమ భోజనం ఉంటుంది. దీనికి పై నుంచి ఆక్షేపణ రాలేదు. మర్నాడు పంతొమ్మిది ఫారాలు వచ్చాయి.

సూపరింటెండెంట్ భీమశంకరం ఒకే మనిషి కాగితం మీద ఒకే రోజు రెండు సంతకాలు పెట్టనని రాశారు. ఆ శాఖ ఇచ్చే ప్రతి ధ్రువపత్రం మీదా ఆయన సంతకం రెండు చోట్ల ఉండాలి. కంప్యూటర్ ఆపరేటర్ సౌదామిని "అర్జెంటు" అన్న మాట ఎవరి నోట వచ్చినా, ఆ పని ఆ రోజుకు ఆపేస్తానని రాసింది. కౌంటర్ దగ్గర కూర్చునే జూనియర్ అసిస్టెంట్ దినకర్ తన ఎదుట నిలబడి ఉన్నవాళ్లతో మాట్లాడనని రాశాడు.

వకుళ దినకర్ ఫారం పట్టుకుని కౌంటర్ దగ్గరకు వెళ్లింది.

"ఇదేంటి దినకర్? ఇక్కడ జనానికి కుర్చీ లేదు కదా."

"అదే మేడమ్. నేను అసలు మాట్లాడననట్లేదు. కూర్చున్నవాళ్లతో మాట్లాడతాను."

"అయితే కుర్చీ వేయించు."

"అది చొరవండి. ఫారం పెట్టాలి. పదిహేను పని దినాలు."

"పోనీ నేను వేయిస్తాను."

"మీరు నోడల్ అధికారి మేడమ్. ఫారం లేకుండా మీరే చొరవ తీసుకుంటే మాలాంటి వాళ్లకి ఏం చెప్తారు?"

అన్ని ఫారాలూ నిబంధనల ప్రకారం ఉన్నాయి. అన్నీ ఆమోదం పొందాయి.

జులై 15న లంక గ్రామం నుంచి చింతా సత్తెయ్య అనే రైతు వచ్చాడు. మనవరాలికి హాస్టల్లో సీటు కోసం నివాస ధ్రువపత్రం కావాలి. కౌంటర్ ముందు నిలబడి నమస్కారం పెట్టాడు. దినకర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. సత్తెయ్య మళ్లీ నమస్కారం పెట్టాడు.

వరండాలో నిలబడ్డ అటెండర్ నూకరాజు చెప్పాడు: "కూర్చోవాలండి. కూర్చుంటేనే పలుకుతారు."

సత్తెయ్య నేల మీద కూర్చున్నాడు. కౌంటర్ బల్ల ఎత్తు నాలుగడుగులు. దినకర్‌కు ఎవరూ కనిపించలేదు. "నెక్స్ట్," అన్నాడు.

"ఆయ్, నేనేనండి," అని కింద నుంచి మాట వచ్చింది.

దరఖాస్తు ఆ విధంగా లోపలికి వెళ్లింది. సౌదామిని వివరాలు ఎక్కిస్తుండగా సత్తెయ్య కిటికీ దగ్గరికి వచ్చి, "కొంచెం అర్జెంటమ్మా, హాస్టలోళ్లు రేపటి దాకానే అన్నారు," అన్నాడు. సౌదామిని కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. సాయంత్రం అయిదున్నరకు ఆమె వెళ్లిపోయాక వకుళ ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ధ్రువపత్రం పూర్తి చేసి, భీమశంకరం దగ్గరికి తీసుకువెళ్లింది. ఆయన మొదటి సంతకం పెట్టారు.

"రెండోది రేపండి," అంది వకుళ సత్తెయ్యతో.

"అదేంటమ్మా, పెన్ను ఆయన చేతిలోనే ఉందిగా."

"ఆయన హద్దు అండి."

సత్తెయ్య చుట్టూ చూశాడు. "మీ ఆఫీసులో అందరూ ఏదో వ్రతం పట్టినట్టున్నారండి. ఎన్నాళ్లంటారు?"

"ముప్పయ్యొకటి దాకా."

"తర్వాత మామూలేనా అండి?"

"తర్వాత శాశ్వతం."

మర్నాడు సత్తెయ్య మొదటి బస్సుకు వచ్చాడు. దారిలో కొన్న ప్లాస్టిక్ స్టూలు చంకలో ఉంది. దాన్ని కౌంటర్ ముందు వేసుకుని కూర్చున్నాడు. అప్పటికీ తల మాత్రమే కనిపించింది. దినకర్ తలతో మాట్లాడాడు. పదకొండున్నరకు రెండో సంతకం అయింది. సత్తెయ్య స్టూలు వెంట తీసుకుపోయాడు. ఆ తర్వాత వారం రోజుల్లో కార్యాలయం ఎదుటి జెరాక్స్ షాపతను స్టూళ్లు అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాడు. చొరవ పథకం కింద ఆ ఊళ్లో జరిగినట్టు చెప్పదగిన పని అదొక్కటే. అతను ఉద్యోగి కాడు గనుక లెక్కలోకి రాలేదు.

ఉద్యోగికి నెలకు రెండు చొరవల చొప్పున కార్యాలయ లక్ష్యం ఎనభై నాలుగు. ప్రతిపాదనలు ఎనభై నాలుగూ వచ్చాయి. పదిహేను పని దినాలు నిండలేదు గనుక ఎవరూ ఏమీ చేయలేదు. నూకరాజు మాత్రం ఫారం పెట్టకుండా వరండాలో కొళాయి బాగు చేశాడు. అది నాలుగేళ్లుగా కారుతోంది. వాషర్ ఇంటి దగ్గర నుంచి తెచ్చాడు.

ముందస్తు అనుమతి లేకుండా చొరవ ప్రదర్శించినందుకు అతనికి మెమో ఇచ్చారు. మెమో తయారు చేయవలసింది నోడల్ అధికారి. వకుళ దాన్ని తీసుకుని భీమశంకరం దగ్గరికి వెళ్లింది. నూకరాజు వెనకే వచ్చాడు.

"సార్, ఇప్పుడైనా ఫారం పెట్టించి ఆమోదించేద్దామండి. పని మంచిదే కదా," అంది వకుళ.

"మంచిదే అండి. ఎవరు కాదన్నారు? కానీ కారడం ఆగిపోయిన కొళాయిని ఆపుతామని ప్రతిపాదన ఎలా పెడతాం? రేపు ఆడిట్‌లో అడిగితే ఏం చెప్తాం? ముందు యథాస్థితికి తీసుకురావాలి."

"అంటే మళ్లీ కార్చమంటారా అండి?" అన్నాడు నూకరాజు.

"కార్చమని ఏ అధికారీ అనడు. యథాస్థితి అన్నాను."

నూకరాజు వాషర్ తీసేశాడు. కొళాయి కారింది. భీమశంకరం బయటికి వచ్చి కొంతసేపు చూశారు. ఇంతకుముందు ధార ఇంకా లావుగా ఉండేదని అభిప్రాయపడ్డారు. నూకరాజు సుత్తి తెచ్చి మర మీద రెండు దెబ్బలు వేశాడు. ధార లావెక్కింది. ఫైలు ముందుకు కదిలింది.

ఈలోగా ప్రధాన కార్యాలయం రోజుకు మూడు నివేదికలు అడగడం మొదలుపెట్టింది. ఉదయం అందిన హద్దులు, మధ్యాహ్నం ఆమోదించిన హద్దులు, సాయంత్రం ఏడు గంటలకు ఉల్లంఘనలు. హద్దులు పెట్టుకున్నవాళ్లు వదిలేసిన పనులు కూడా ఎవరో ఒకరు చేయాలి. వకుళ ఎనిమిదికి బదులు తొమ్మిదికి బయలుదేరుతోంది. ఇంట్లో బీరువా పైన ఉన్న బ్యాటును కూతురు కిందికి దించి తుడిచి, ఒకటి రెండు రోజులు తలుపు దగ్గర పెట్టింది. తర్వాత మళ్లీ పైన పెట్టేసింది.

జులై 26 ఆదివారం. ఉదయం ఏడింటికి ముఖ్య కార్యదర్శి టెలీకాన్ఫరెన్స్ పెట్టారు. సంచాలకులు, సూపరింటెండెంట్లు, నోడల్ అధికారులు అందరూ లైన్లోకి రావాలి. విషయం: ఆదివారాల పవిత్రత.

"ఆదివారం పూర్తిగా కుటుంబంతోనే గడపాలి. ఇందులో రాజీ లేదు," అన్నారాయన. "ఇప్పుడు కుటుంబంతో గడుపుతున్నవాళ్లు ఒక్కొక్కరే చెప్పండి. జిల్లాల వరసలో."

ఒక్కొక్కరే చెప్పారు. వరస పూర్తయ్యేసరికి తొమ్మిదైంది. ఆ తర్వాత శాతాలు చదివారు. గోదావరి పక్కన ఉన్న కార్యాలయం తొంభై ఏడు పాయింట్ ఆరు దగ్గర ఉంది. నూరు శాతం సాధించిన కార్యాలయం రాష్ట్రంలో ఇంకా లేదు.

"సుదర్శనరావుగారూ, నలభై రెండులో నలభై ఒకటి వచ్చాయి. హద్దు పెట్టుకోని ఆ ఒక్కరు ఎవరు?"

"తక్షణమే గుర్తించి, బాధ్యులపై చర్య తీసుకుంటాం సార్."

"చర్య వద్దు. సోమవారం పన్నెండు గంటలకు నూరు శాతం కావాలి. నూరైతే ముప్పయ్యొకటిన నేనే వస్తాను."

కాన్ఫరెన్స్ ముగిసిన నిమిషానికి సుదర్శనరావు వకుళకు ఫోన్ చేశారు.

"ఎవరమ్మా అది? మన పరువు తీస్తున్నది?"

"నేనేనండి."

"మీరా? నోడల్ అధికారి అయ్యుండి?"

"రాసుకోవడానికి టైం దొరకలేదండి."

సోమవారం ఉదయం ఆమె ఫారం నింపింది. మూడు ప్రతులు. హద్దు అన్న గడిలో ఒకే వాక్యం: "సాయంత్రం అయిదున్నర తర్వాత నేను ఆఫీసులో గానీ, ఆఫీసు పనిలో గానీ ఉండను."

భీమశంకరం రెండుసార్లు చదివారు.

"బాగుందండి. కాకపోతే కొంచెం కటువుగా ఉంది. 'వీలైనంత వరకు' అని చేర్చండి."

"చేర్చనండి."

ఆయన ఆగారు. ఆమె ఏదైనా అంటే దాని వెనక ఇంకో మాట వచ్చేది. మీ ఇష్టం అండి అనో, చూద్దాం లెండి అనో. ఆ మాట కోసం ఎదురు చూశారు. రాలేదు.

"సరే, 'అత్యవసర సందర్భాలలో మినహా' అని అయినా..."

"నలభై ఒక్క ఫారాల్లో మినహా లేదండి. మీ దాంట్లోనూ లేదు. పదకొండూ పావైంది. పన్నెండుకి పంపాలి."

భీమశంకరం సిఫారసు చేశారు. సుదర్శనరావు చదవలేదు, శాతం ఎంతైందని మాత్రం అడిగి సంతకం పెట్టారు. పన్నెండుకు అయిదు నిమిషాల ముందు కార్యాలయం రాష్ట్రంలో మొదటి స్థానంలోకి వచ్చింది. ఆ సాయంత్రం సభ ఏర్పాట్ల మీద అయిదింటికి సమావేశం అన్నారు. అయిదింటికి మొదలై అయిదూ ఇరవైకి సుదర్శనరావు ఉపన్యాసం దగ్గర ఆగి, అయిదున్నరకు వకుళ హద్దు అడ్డొస్తుందని, ఆమె లేకపోతే జరగదని తేలి, మర్నాటి నుంచి మూడింటికే పెట్టారు. కానీ ఏడింటి నివేదిక ఉండటంతో ఆ నాలుగు రోజులూ ఆమె మైదానానికి వెళ్లలేకపోయింది. ఆమోదం జులై 31 నుంచి అమల్లోకి వస్తుందని ఫారం చివర చిన్న అక్షరాల్లో ఉంది. అందరి ఫారాల్లోనూ ఉంది. వకుళ తప్ప ఎవరూ చదవలేదు.

ముప్పయ్యొకటిన ఆవరణలో షామియానా వేశారు. సభ నాలుగు గంటలకు. ముఖ్య కార్యదర్శి కారు అయిదూ అయిదుకు వచ్చింది. వేదిక మీద ఏడు కుర్చీలు. ఏడోది వకుళది. ఉత్తమ నోడల్ అధికారి జ్ఞాపికను ఆమెకు అందించడం కార్యక్రమంలో పదకొండో అంశం. అయిదున్నర అవుతుండగా నాలుగో అంశం నడుస్తోంది. అది ముఖ్య కార్యదర్శి ప్రసంగం.

"నేను చేయను అని చెప్పగలగడమే నాయకత్వం," అంటున్నారాయన. "మనలో ఎంతమందికి ఆ ధైర్యం ఉంది?"

వకుళ చేతిలో ఫోన్ కదిలింది. ఎస్తేరు పంపిన మెసేజ్: "ఆవిడ వచ్చింది. కొత్త బ్యాటు."

వకుళ లేచింది. పక్క కుర్చీలోని సుదర్శనరావు ఆమె వైపు వంగారు.

"కూర్చోండమ్మా. మీ అంశం వస్తుంది."

"అయిదున్నరైందండి."

"అయితే?"

"వెళ్తున్నానండి."

"జ్ఞాపిక మీద మీ పేరు చెక్కించాం. పది నిమిషాలు ఓపిక పట్టండి తల్లీ. నా పరువు కాదు, ఆఫీసు పరువు."

"మీరు ఆమోదించిందే కదండి. ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదని ఉత్తర్వులో ఉంది. దాటితే సాయంత్రం ఉల్లంఘనల నివేదికలో నా పేరు నేనే రాయాలి. ఏడింటికి రాయాలి. అప్పుడు నేను ఉండను."

ఆమె మెట్లు దిగింది. వరసల మధ్య నుంచి గేటు వైపు నడిచింది. ముఖ్య కార్యదర్శి ప్రసంగం ఆపారు. మైకు పని చేస్తూనే ఉంది.

"ఆ ఉద్యోగి ఎక్కడికి వెళ్తున్నారు?"

సుదర్శనరావుది ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు. అందులో ముందస్తు అనుమతి లేకుండా ఆయన చేసిన ఒకే ఒక్క పని అప్పుడు చేశారు.

"ప్రత్యక్ష ప్రదర్శన సార్," అన్నారు.

ముఖ్య కార్యదర్శి గేటు వైపు చూశారు. నూకరాజు గేటు తీస్తున్నాడు. అనుమతి గురించి ఎవరూ అడగలేదు. ముఖ్య కార్యదర్శి చప్పట్లు కొట్టారు. వేదిక మీదివాళ్లు కొట్టారు. తర్వాత అందరూ లేచి నిలబడి కొట్టారు. చప్పట్లు మొదలయ్యేసరికి వకుళ రోడ్డు దాటుతోంది.

మైదానం చేరేసరికి అయిదూ యాభై రెండు. బ్యాంకు మేనేజరు భార్య కోర్టు మధ్యలో బ్యాటు పట్టుకుని నిలబడి ఉంది. కవరు ఇంకా విప్పలేదు. వకుళ చీర కొంగు నడుముకు దోపుకుని, ఎవరి బ్యాటో తీసుకుంది.

"ఏడు నిమిషాలు ఆలస్యం," అంది ఎస్తేరు.

"సభ జరుగుతోందక్కా. లేచి వచ్చేశాను."

"ఎవరి సభ?"

"నాదే."

ఎస్తేరు బ్యాంకు మేనేజరు భార్య వైపు తిరిగింది. "ఏమండీ, మీరు స్కోరు చెప్తారా? ఇవాల్టికి."

ఆవిడ ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూర్చుంది. ఉన్ని బంతి వకుళ మీదికి వచ్చింది. మొదటిది తగల్లేదు. రెండోదీ తగల్లేదు. మూడోది తగిలి వల దాటింది. వెలుతురు ఆరూ నలభై దాకా ఉంది.

ఆగస్టు 3న కొత్త ఉత్తర్వు వచ్చింది. ముఖ్య కార్యదర్శి తాను చూసిన ప్రదర్శనను రాష్ట్రమంతటా ప్రవేశపెట్టారు. ప్రతి కార్యాలయంలో, ప్రతి పని దినం, సాయంత్రం అయిదున్నరకు ఒక ఉద్యోగి ఇంటికి వెళ్లవలెను. మిగిలిన సిబ్బంది గేటు దగ్గర నిలబడి రెండు నిమిషాలకు తగ్గకుండా చప్పట్లు కొట్టవలెను. అనంతరం ఏడు గంటల వరకు కూర్చుని, ఆ దృశ్యం తమలో కలిగించిన మార్పును తలా ఒక పేజీ రాయవలెను. వెళ్తున్న ఉద్యోగి ఫోటోను ప్రదేశం, సమయం నమోదయ్యేలా తీసి పైకి పంపవలెను.

సుదర్శనరావు ఆ ఉద్యోగిగా వకుళను నియమించారు. ఆమెకు శిక్షణ అవసరం లేదని నోట్‌లో రాశారు.

మొదటి రోజు పేజీ రాస్తూ దినకర్ మధ్యలో ఆగిపోయాడు. మర్నాడు పొద్దున్నే వకుళ బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మేం ఎప్పుడు వెళ్లాలి ఇంటికి?"

"ఏడింటికి. ఉత్తర్వులో ఉంది కదా."

"మా హద్దులు ఉన్నాయి కదండి."

వకుళ ఫైలు తెచ్చింది. ఇద్దరూ కలిసి నలభై ఒక్క ఫారాలూ తిరగేశారు. నిలబడ్డవాళ్లతో మాట్లాడనివాళ్లున్నారు. రెండో సంతకం పెట్టనివాళ్లున్నారు. భోజనం తర్వాత మెట్లెక్కనివాళ్లు ముగ్గురున్నారు. ఇంటికి వెళ్తానని ఒక్కరూ రాయలేదు.

"మార్చుకోవచ్చా?"

"ఏడాదికోసారి. జులైలో."

"మీరైనా ముందే చెప్పాల్సింది మేడమ్."

"అడగాల్సింది దినకర్. అప్పట్లో నేను తొమ్మిది దాకా ఇక్కడే ఉండేదాన్ని."

ఫోటోలు తీసే పని దినకర్‌కు వచ్చింది. మొదటి రోజు ఫోటోలో వకుళ కళ్లు మూసుకుంది. వెనక్కి పిలిచి మళ్లీ నడిపించారు. ఈసారి నూకరాజు అడ్డం వచ్చాడు. మూడోసారి సుదర్శనరావు తాను కూడా ఫోటోలో ఉండాలని వచ్చి నిలబడ్డారు. అంతటితో అయిదూ యాభై అయింది. మైదానం చేరేసరికి ఆరూ పది. బ్యాంకు మేనేజరు భార్య ఆమె స్థానంలో ఆడుతోంది. కవరు విప్పింది. బంతి ఆవిడ బ్యాటుకు తగులుతోంది కూడా. వకుళ ఆట అయిపోయే దాకా కుర్చీలో కూర్చుని స్కోరు చెప్పింది. ఈసారి ఎన్ని నిమిషాలు ఆలస్యమో ఎస్తేరు చెప్పలేదు. చెప్పకపోవడం వకుళ గమనించింది.

రెండో రోజు అయిదున్నరకు సిబ్బంది గేటు దగ్గర బారులు తీరారు. వకుళ బ్యాటు సంచీ భుజాన వేసుకుని వచ్చింది. చప్పట్లు మొదలయ్యాయి. ఆమె గేటు దాటింది.

"మేడమ్, ఒక్క నిమిషం," అన్నాడు దినకర్. "ఫోటో పడలేదు. వెనక్కొచ్చి ఇంకోసారి వెళ్లండి."

ఆమె నడుస్తోంది.

"వకుళగారూ," అన్నారు భీమశంకరం. "వచ్చి మళ్లీ వెళ్లిపోదురు గానీ. ఎంతసేపండీ."

ఆమె నడుస్తోంది.

"అమ్మా, ఇది రాష్ట్రస్థాయి కార్యక్రమం," అన్నారు సుదర్శనరావు. "మీరు వెళ్లడం ముఖ్యం కాదు. వెళ్తున్నట్టు కనిపించడం ముఖ్యం."

ఆమె మిషన్ స్కూలు సందులోకి తిరిగింది. ఉత్తర్వు ప్రకారం రెండు నిమిషాలు కావాలి గనుక సిబ్బంది ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

దినకర్ దగ్గర ఉన్న ఫోటో ఒక్కటే. దాన్నే పంపాడు. రెండు రోజుల తర్వాత ప్రధాన కార్యాలయం నుంచి లేఖ వచ్చింది. మీరు పంపిన చిత్రంలో తెరిచి ఉన్న గేటు, రోడ్డు తప్ప ఉద్యోగి ఎవరూ కనిపించుట లేదు, ఇరవై నాలుగు గంటల్లో వివరణ పంపవలెను అని అందులో ఉంది.

భీమశంకరం వివరణ రాయడానికి కూర్చున్నారు. మూడు పేజీలు వచ్చింది. సుదర్శనరావు చదివి మొదటి పేజీ కొట్టేశారు, మూడో పేజీ కొట్టేశారు, రెండో పేజీలో ఒక వాక్యం మిగిల్చి సంతకం పెట్టారు. అప్పటికి ఏడు దాటింది. ఆ వాక్యం ఇది:

"సదరు ఉద్యోగి వెళ్లిపోయినందున కనిపించుట లేదు."